బడిభోజనమునకు అర్హులెవ్వరు?

దానము చేయువాడు పాత్రాపాత్రములు విచారింపవలెనని మన పెద్దలు చెప్పిరి. అన్నదానమునకు మాత్రము ఆ విచారణ వలదనియు వారే చెప్పిరి. ఆకలిగొని వచ్చినవాడే అన్నమునకు పాత్రుడు. గోదావరీ లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు ఈ యొక్క సూత్రమును నమ్ముకొని, వేళగాని వేళ వచ్చినవారికి సైతము వండి వడ్డించి, 1909లో కన్నుమూసిరి. అది ఒక గృహిణి తన యింట నిలిచి చేసిన ధర్మము. పెట్టువారు గృహస్థులు గాక ప్రభుత్వమైనప్పుడు, వెచ్చించు ధనము ప్రజలు కట్టిన పన్ను అయినప్పుడు, ప్రశ్న వేరగును. ఎవరికి పెట్టవలెను? ఎవరికి మానవలెను? ఎంత సంపాదన వచ్చుదాక మనిషిని పేదవాడని యెంచవలెను? ఆ లెక్క చూడవలసినవారెవరు?

సీతమ్మగారి కడపటి దినములలోనే ఈ ప్రశ్నలు ఇంగ్లండు దేశపు పార్లమెంటు ముందునకు వచ్చినవి. ఆ దేశము బడిపిల్లల భోజనమును గురించి మొదటి చట్టము చేసినది 1906లో. నాటి నుండి ఎన్నో ప్రభుత్వములు మారినవి. రెండు మహాయుద్ధములు జరిగినవి. పేదలకిచ్చు సహాయపద్ధతులు పలుమారులు తిరుగవ్రాయబడినవి. ప్రతి మార్పుతోను బడిభోజనపు అర్హత యను గీత ఒకసారి ముందునకును, ఒకసారి వెనుకకును జరుగుచు వచ్చినది. ఆ గీత యొక్క చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

ఇంగ్లండులో 1870వ సంవత్సరపు విద్యాచట్టము ఊరూర ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పుటకు దారి తీసెను. 1880లో పిల్లలను బడికి పంపుట తప్పనిసరి యయ్యెను. 1891లో ప్రాథమిక విద్యకు జీతము కట్టవలసిన అవసరము చాలవరకు తొలగెను. అంతవరకు వీధులలోను, పనిచోట్లను చెల్లాచెదరుగా నుండిన పేదపిల్లలు ఇప్పుడొక్కచోట, బల్లలపై వరుసగా, ఉపాధ్యాయుని కన్నులయెదుట కూర్చుండిరి. వారిలో ఎందరు ఉదయమున ఏమియు తినక వచ్చుచున్నారో, ఎందరు మధ్యాహ్నమునకు ముందే తల వాల్చుచున్నారో అప్పుడు గాని లోకమునకు తెలియలేదు. బడికి రమ్మని చట్టము నిర్బంధించినది. వచ్చిన పిల్లవాడు చదువగల స్థితిలో నున్నాడా యని మాత్రము చట్టము అడుగలేదు. లండను వంటి నగరములలో ధర్మసంఘములు పెన్నీకి ఒక పూట భోజనమును, కొన్నిచోట్ల ఉచితముగను పెట్టుచుండెడివి. కాని ధర్మసంఘముల చేయి కొన్ని వీధుల కందును, కొన్ని వీధుల కందదు. చలికాలమున తెరచిన వంటశాల వేసవికి మూతపడును.

ఇంతలో దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము వచ్చెను. 1899 నుండి 1902 వరకు జరిగిన ఆ యుద్ధమునకు సైన్యములో చేరవచ్చిన యువకులలో అనేకులు దేహదారుఢ్యము చాలనివారని తిరస్కరింపబడిరి. సామ్రాజ్యమును కాపాడవలసిన చేతులలో సత్తువ లేదన్న సంగతి పాలకులను కలవరపెట్టెను. దేహక్షీణతను విచారించుటకై యేర్పడిన కమిటీ 1904లో తన నివేదిక నొసగుచు, బడిపిల్లలకు వైద్యపరీక్ష జరుపవలెననియు, ఆకలితోనున్న పిల్లలకు భోజనపు ఏర్పాటు చేయవలెననియు సూచించెను. పసివాని ఆకలి తెచ్చిన జాలి కంటె పటాలములో కొరతపడిన బంట్ల లెక్కయే పాలకులను ఎక్కువగా కదలించెనని చెప్పినచో అది నిష్ఠురము కావచ్చును, అసత్యము కాదు.

మొదటి ప్రయత్నము 1905లో జరిగెను. ఆకలిగొన్న పిల్లల భారమును నాటి పేదల చట్టమును నడపెడి అధికారులకు అప్పగించిరి. ఈ పేదల చట్టమును గురించి ఒక్క మాట చెప్పవలెను. ఆ రోజులలో దాని క్రింద సహాయము పుచ్చుకొన్న పురుషుడు ఓటుహక్కును పోగొట్టుకొనెడివాడు. అతనికి ఊరిలో కంగాలీ యను ముద్ర పడెడిది. బిడ్డకు ఒక గిన్నెడు జావ కొరకు తండ్రి పౌరుడుగా నుండుట మానుకొనవలెను. అట్టి షరతుపై అన్నము పుచ్చుకొనుటకు మానవంతులైన కార్మికులు అంగీకరింపలేదు. ఏర్పాటు విఫలమయ్యెను.

కావుననే 1906 చట్టములో ఒక చిన్న నిబంధన నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. ఆ చట్టమును ప్రతిపాదించినవాడు విలియం టైసన్ విల్సన్ అను లేబరు సభ్యుడు, వృత్తిచే వడ్రంగి. ఆహారలోపముచేత చదువును పూర్తిగా అందుకొనజాలని పిల్లలకు స్థానిక విద్యాసంస్థలు భోజనము పెట్టవచ్చునని ఆ చట్టము చెప్పెను. శక్తి గల తల్లిదండ్రులు మూల్యము చెల్లింపవలెను. శక్తి లేనివారి పిల్లలకు ఉచితముగ పెట్టవచ్చును. ఆ భోజనము పుచ్చుకొన్నందుననో, దాని మూల్యము చెల్లింపలేకపోయినందుననో తల్లిదండ్రుల ఓటుహక్కునకు గాని, మరి యే యితర హక్కునకు గాని భంగము కలుగరాదని ఆ చట్టమే స్పష్టముగ శాసించెను. సహాయము వేరు, అవమానము వేరు అని ఆ దేశపు చట్టము బడిభోజనము విషయమున పలికిన మొదటి మాట అదియే.

అయినను దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెత అక్కడను నిజమయ్యెను. పెట్టవచ్చునని చట్టము చెప్పినదే గాని పెట్టవలెనని చెప్పలేదు. స్థానికపు పన్నులనుండి ఇందులకు తీయదగిన సొమ్మునకు హద్దు కూడ విధించెను: పన్నువిలువలో పౌండునకు అర పెన్నీ. నాటి పౌండునకు 240 పెన్నీలు. అనగా ఆ హద్దు 480వ వంతు. ఐదారు సంవత్సరములు గడచిన తరువాత కూడ ఇంగ్లండు, వేల్సులలోని విద్యాసంస్థలలో సగమునకు పైగా ఈ చట్టమును ఉపయోగింపనే లేదు.

ఉపయోగించిన పట్టణములలో అగ్రగణ్యమైనది ఉన్నిమిల్లులకు పేరుగాంచిన బ్రాడ్‌ఫర్డు. అక్కడ మార్గరెట్ మెక్‌మిలన్ అను విద్యావేత్తయు, ఫ్రెడ్ జోవెట్ అను కార్మికనాయకుడును బడిపిల్లల ఆకలిని గురించి చిరకాలముగ పోరాడుచు వచ్చిరి. 1907లో ఆ పట్టణపు పాఠశాలల వైద్యాధికారి రాల్ఫ్ క్రౌలీ ఒక పరీక్ష జరిపెను. సుమారు 40 మంది పేదపిల్లలకు కొన్ని వారములపాటు బడిదినములలో ఉదయ మధ్యాహ్నములందు భోజనము పెట్టించి, వారి తూకము క్రమముగ వ్రాయించెను. భోజనము పెట్టిన దినములలో పిల్లలు బరువు పెరిగిరి. నడుమ వచ్చిన సెలవులలో, భోజనము లేని దినములలో, ఆ పెరిగిన బరువులో కొంత తగ్గెను. ఆకలికి సెలవులు లేవన్న సంగతిని ఆ త్రాసు చూపినంత స్పష్టముగ ఏ ఉపన్యాసమును చూపియుండదు. 1914లో వచ్చిన సవరణచట్టము అర పెన్నీ హద్దును తొలగించి, సెలవుదినములలో కూడ భోజనము పెట్టుటకు అనుమతి నిచ్చెను. ఈ సెలవుల ప్రశ్నయే 106 సంవత్సరముల తరువాత మరల దేశమును కుదిపివేయుట మీరు ముందు చూడగలరు.

రెండు యుద్ధముల నడిమి కాలమున అర్హత మరింత బిగుసుకొనెను. నిరుద్యోగము ప్రబలిన 1930 ప్రాంతపు దినములలో ఉచితభోజనము కోరిన పిల్లవాడు రెండు ద్వారములు దాటవలసి యుండెను. ఇంటి ఆదాయము నియమిత ప్రమాణమునకు తక్కువగా నుండవలెను. అది చాలక, పోషణ లోపించినదని వైద్యుడు కూడ గుర్తింపవలెను. పేదరిక మొక్కటే చాలదు. అది దేహముపై కనబడవలెను. అనగా ఆకలి తన పని ముగించిన తరువాతనే అన్నము వచ్చును. నివారింపవలసిన దానిని సాక్ష్యముగ చూపుమని అడుగుట ఇందలి విపరీతము.

ఈ పద్ధతిని మార్చినది రెండవ మహాయుద్ధము. తల్లులు కర్మాగారములలోనికి పోయిరి. ఆహారమునకు రేషను వచ్చెను. బాంబుల భయమున పిల్లలు ఊళ్లు మారిరి. బడిభోజనము పేదపిల్లల కొరకైన ధర్మకార్యమను స్థితి పోయి, దేశము తన పిల్లలందరికిని చేయు సేవ యయ్యెను. 1940లో రోజునకు సుమారు లక్షా ముప్పది వేల భోజనములుండగా, 1945 నాటికి అవి పదునారు లక్షలు దాటినవి. బడికి వచ్చువారిలో ప్రతి మువ్వురిలో నొకరు అక్కడనే భుజించుచుండిరి. వారిలో అధికులు డబ్బు చెల్లించి తినువారే. 1944లో బట్లరు ప్రవేశపెట్టిన విద్యాచట్టము, భోజనము పెట్టుట స్థానిక విద్యాసంస్థల విధి యని శాసించెను. ‘పెట్టవచ్చును’ అన్నది ‘పెట్టవలెను’ అయినది. ఈ ఒక్క క్రియాపదము మారుటకు 38 సంవత్సరములు పట్టెను.

ఆ కాలమున అందరికిని ఉచితముగనే పెట్టవలెనను ఉద్దేశము కూడ ప్రభుత్వమున కుండెను. 1945లో కుటుంబభత్యముల చట్టము చేయునప్పుడు, బెవరిడ్జి సూచించిన 8 షిల్లింగులకు మారుగా బిడ్డకు వారమునకు 5 షిల్లింగులే నిర్ణయించిరి. మిగిలిన భాగము బడిలో పాలు, భోజనము రూపమున అందునని సమాధానము చెప్పిరి. పాలు 1946లో అందరికిని ఉచితమైనవి. భోజనము మాత్రము కాలేదు. వంటశాలలు చాలవని, సొమ్ము చాలదని వాయిదా పడి, ఆ వాగ్దానము క్రమముగ మరుగునపడెను. తగ్గించిన షిల్లింగులు తగ్గించినట్లే యుండెను.

తరువాతి ముప్పది యేండ్లు నడచినది మధ్యేమార్గము. చాలమంది పిల్లలు దేశమంతట ఒకే ధరకు భోజనము కొనిరి; ఆదాయము తక్కువగా నున్నవారికి ఉచితము. కాని పెట్టు విధము అన్నిచోట్ల నొక్కరీతిగ లేదు. కొన్ని బడులలో ఉచితభోజనపు చీటీ వేరొక రంగున నుండెడిది. కొన్నిచోట్ల ఆ పిల్లలకు వేరు వరుస. మన పెండ్లిపందిరిలో ఒకే బంతిని కూర్చున్నవారికి వేరువేరుగా వడ్డించుటను పంక్తిభేద మందురు. దానికంటె పెద్ద తప్పు వడ్డించువానికి లేదు. అక్కడ తెలిసియో తెలియకయో జరిగినది అదియే. ఫలితముగ అర్హత యుండియు దరఖాస్తు పెట్టని తల్లిదండ్రులును, దరఖాస్తు పెట్టియు వరుసలో నిలువని పిల్లలును ఏర్పడిరి. అర్హత యనునది కాగితముపై ఒకటి, భోజనశాలలో మరియొకటి యని ఆ దేశము గ్రహించుటకు చాలకాలము పట్టెను.

1980లో వచ్చిన విద్యాచట్టము 1944 నాటి విధిని చాలవరకు తొలగించెను. ప్రభుత్వసహాయము పొందెడి కుటుంబముల పిల్లలకు తప్ప మరెవ్వరికిని భోజనము పెట్టవలసిన నిర్బంధము స్థానికసంస్థలకు లేకపోయెను. దేశమంతటికి ఒకే ధర యను నియమమును, ఆహారప్రమాణములును ఎత్తివేయబడినవి. 1986లో చేసిన సాంఘికభద్రత చట్టము 1988 ఏప్రిలులో అమలునకు వచ్చి గీతను మరింత వెనుకకు జరిపెను. ఉపాధి లేక ప్రభుత్వభత్యముపై జీవించు కుటుంబముల పిల్లలకు ఉచితభోజనము నిలిచెను. తక్కువ వేతనమునకు కష్టపడుచు ‘ఫ్యామిలీ క్రెడిట్’ అను చేయూత పొందెడి కుటుంబముల పిల్లలకు అది తొలగెను. దానికి మారుగా కొంత నగదును ఆ చేయూతలోనే కలిపితిమని ప్రభుత్వము చెప్పెను.

ఇక్కడ నొక పాత వివాదము దాగియున్నది. నగదు ఇచ్చినచో తల్లిదండ్రులు తమ యవసరము నెరిగి వెచ్చింతురు. వారి స్వాతంత్ర్యమును గౌరవించినట్లగును. ఈ వాదము త్రోసివేయదగినది కాదు. కాని ఇంటిలోనికి వచ్చిన నగదునకు అద్దె, బొగ్గు, అప్పు, అన్నియు చేయి చాచును. బడిలో పెట్టిన అన్నము నేరుగా బిడ్డ నోటికే పోవును. మరియొక సంగతి: పనిలేనివానికి దొరకు భోజనము పనిచేయువానికి దొరకకున్నచో, పనికి పోవుట వలన కుటుంబము కొంత నష్టపడును. ఈ చిక్కు 1988లో పుట్టి, తరువాత మూడు దశాబ్దములకు మరల ముదిరినది.

2012లో సంక్షేమసంస్కరణ చట్టము వచ్చెను. అంతవరకు వేరువేరుగా నుండిన ఆరు భత్యములను కలిపి ‘యూనివర్సల్ క్రెడిట్’ అను ఒక్క సహాయముగ చేయుట దాని సారాంశము. 2013లో మొదలై క్రమముగ దేశమంతట వ్యాపించిన ఈ పద్ధతికి మూలసూత్రము, పని ఎంత పెరిగినను మనిషికి లాభమే కలుగవలెనన్నది. సంపాదన పెరిగిన కొలది సహాయము ఒక్కసారిగా తెగిపోక కొంచెము కొంచెముగ తగ్గును. 2018 నాటికి ఆ లెక్క ఇట్లుండెను: ఒక హద్దు దాటిన తరువాత సంపాదించిన ప్రతి పౌండునకు సహాయములో 63 పెన్నీలు తగ్గును, 37 పెన్నీలు కుటుంబమునకు మిగులును.

అయితే ఈ క్రొత్త పద్ధతిలో బడిభోజనమునకు అర్హులెవ్వరు? పాతభత్యములు పోయినవి గనుక పాతగుర్తులును పోయినవి. తొలిదినములలో యూనివర్సల్ క్రెడిట్ పొందెడి కుటుంబముల పిల్లలందరికిని తాత్కాలికముగ ఉచితభోజన మిచ్చిరి. 2018 ఏప్రిలు 1వ తేదీనుండి ఇంగ్లండులో క్రొత్తగా దరఖాస్తు పెట్టువారికి ఒక హద్దు విధించిరి. పన్నులు పోగా కుటుంబపు సంపాదన సంవత్సరమునకు 7,400 పౌండ్లు, అనగా నెలకు సుమారు 617 పౌండ్లు, మించరాదు. ప్రభుత్వమిచ్చు సహాయము ఈ లెక్కలోనికి రాదు. ఉత్తర ఐర్లండులో అట్టి హద్దును 14,000 పౌండ్లుగ నిర్ణయించిరి. ఒకే రాజ్యములో, ఒకే పద్ధతి క్రింద, ఒక బిడ్డ ఆకలికి 7,400 హద్దు, మరియొక బిడ్డ ఆకలికి దాదాపు రెట్టింపు హద్దు. అప్పటికే అర్హత పొందియున్న పిల్లలకు మాత్రము, క్రొత్తపద్ధతి పూర్తిగా నెలకొనువరకు ఉచితభోజనము తొలగదని హామీ యిచ్చిరి.

ఈ హద్దు ఫలితమేమో లెక్క వేసి చూతము. బడి నడచు దినములు ఏటికి 190. ఆ రోజులలో చిన్నతరగతుల ఉచితభోజనమునకు ప్రభుత్వము బడులకు చెల్లించిన మొత్తము పూటకు 2 పౌండ్ల 30 పెన్నీలు. ఆ ధరకు ఒక బిడ్డ భోజనము ఏటికి 437 పౌండ్లగును. ఇప్పుడొక తల్లి ఏటికి సరిగా 7,400 పౌండ్లు సంపాదించుచున్నదనుకొందము. యజమాని ఆమెకు వారమునకు ఒక గంట పని అదనముగ ఇయ్యజూపెను. ఆమె హద్దు దాటిన మరుక్షణమున బిడ్డ భోజనము పోవును. అదనపు పౌండునకు చేతికి మిగులునది 37 పెన్నీలే గదా. పోయిన 437 పౌండ్లు పూడ్చుకొనుటకే ఆమె సుమారు 1,180 పౌండ్లు అదనముగ సంపాదింపవలెను. ఇద్దరు బిడ్డలున్నచో 2,360. మువ్వురున్నచో 3,540. అంతవరకు ఎక్కువ పని చేసి తక్కువ అనుభవించును. 2021 చివర 63 పెన్నీల కోతను 55కు తగ్గించినందున ఈ గుంట కొంత పూడినది గాని పోలేదు.

పని చేయువాడు నష్టపడరాదని యేర్పరచిన పద్ధతిలోనే, అన్నిటికంటె మొదట బిడ్డ నోటికి సంబంధించిన చోట ఈ కొండచరియ యేర్పడుట విచిత్రము. దీనిని మాన్పుటకు మార్గములు రెండే. గీతను యూనివర్సల్ క్రెడిట్ ముగియుచోటికి జరుపుట ఒకటి. గీతనే చెరపివేయుట రెండవది. రెండింటికిని సొమ్ము కావలెను. కావలసిన సొమ్ము పేదలకే చేరవలెను గాని కలవారి పిల్లలకు ఉచితభోజనము దేనికి అని అడుగువారు నాడు నుండిరి, నేడును కలరు. ఆ ప్రశ్నకు సమాధానముగ ఒక్క పరిశోధనను మాత్రము పేర్కొందును.

2009 నుండి 2011 వరకు ప్రభుత్వమే మూడు ప్రాంతములలో ప్రయోగము జరిపెను. న్యూహామ్, డర్హామ్ ప్రాంతములలో ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికిని ఉచితముగ పెట్టిరి. ఉల్వర్‌హాంప్టనులో ఆదాయపు హద్దును మాత్రము పెంచిరి. 2012లో వెలువడిన ఫలితములనుబట్టి, అందరికిని పెట్టినచోట పిల్లలు చదువులో సుమారు రెండు నెలల ముందంజ వేసిరి. హద్దును పెంచినచోట చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. అంతకంటె గమనింపదగినది వేరొకటి. అందరికిని పెట్టినచోట, అంతకుముందే ఉచితభోజనమునకు అర్హులై యుండియు తినకుండిన పిల్లలు కూడ ఎక్కువమంది వచ్చి తినసాగిరి. వారికి అడ్డుగా నిలిచినది ధర కాదు; బంతిలోని భేదము. భేదము పోగానే అడ్డు పోయినది.

2014 సెప్టెంబరునుండి ఇంగ్లండులో బడి చేరిన మొదటి మూడేండ్ల పిల్లలందరికిని ఆదాయవిచారణ లేక భోజనము పెట్టసాగిరి. స్కాట్లండు 2015 జనవరిలో మొదటి మూడు తరగతులకును, తరువాత నాలుగైదు తరగతులకును ఈ పద్ధతిని విస్తరించెను. వేల్సు 2022లో ప్రారంభించి 2024 నాటికి ప్రాథమిక తరగతులన్నిటికి అమలు జరిపెను. లండను నగరమున 2023 సెప్టెంబరునుండి ప్రభుత్వపు ప్రాథమిక పాఠశాలలకు మేయరు సాదిక్ ఖాను నిర్ణయము ననుసరించి అట్లే జరిగినది. థేమ్సు తీరమున నున్న పిల్లవాడు ఆరవయేట చదువుచు ఉచితముగ తినుచుండగా, నగరపు పొలిమేర దాటిన చోట అదే సంపాదన గల యింటి పిల్లవాడు డబ్బు కట్టవలసి వచ్చెను.

ఈ నడుమ 2020లో కరోనా వ్యాధి వచ్చి బడులు మూతపడెను. ఉచితభోజనమునకు అర్హులైన సుమారు 13 లక్షల పిల్లలకు ప్రభుత్వము వారమునకు 15 పౌండ్ల చీటీ లిచ్చెను. వేసవి సెలవులలో ఇవి యుండవని ప్రకటింపగా, మార్కస్ రాష్‌ఫర్డు అను 22 సంవత్సరముల ఫుట్‌బాల్ ఆటగాడు పార్లమెంటు సభ్యులకు బహిరంగలేఖ వ్రాసెను. అతడు తన బాల్యమున ఇట్టి భోజనముపై ఆధారపడినవాడు. మరునాడే, అనగా జూను 16న, ప్రభుత్వము తన నిర్ణయమును మార్చుకొనెను. ఆ అక్టోబరులో సెలవుల భోజనపు తీర్మానము పార్లమెంటులో 261కి 322 వోట్లతో వీగిపోయినను, నవంబరులో ప్రభుత్వము 17 కోట్ల పౌండ్ల శీతకాలపు సహాయమును ప్రకటించెను. బ్రాడ్‌ఫర్డులో డాక్టరు క్రౌలీ త్రాసు 1907లో చెప్పిన మాటనే ఈ యువకుడు మరల వినిపించెను.

అదే కాలమున మరియొక గీత బయటపడినది. వలసచట్టము క్రింద ప్రభుత్వసహాయము పొందు హక్కు లేని విదేశీయుల కుటుంబములు అనేకము అక్కడ నున్నవి. వారి పిల్లలు అదే బడిలో, అదే బల్లపై కూర్చున్నను ఉచితభోజనమునకు అనర్హులుగ నుండిరి. 2020లో వారికి తాత్కాలికముగ నిచ్చిన అవకాశమును, ఆదాయపు హద్దునకు లోబడి, 2022లో శాశ్వతము చేసిరి.

2021లో హెన్రీ డింబుల్బీ రచించిన జాతీయాహార ప్రణాళిక ఆదాయపు హద్దును 20,000 పౌండ్లకు పెంచుమని సూచించెను, ప్రభుత్వము అంగీకరింపలేదు. ధర లెంత పెరిగినను 7,400 అను అంకె ఏండ్ల తరబడి కదలలేదు. కదలని హద్దు నిజమునకు ఏటేట క్రిందికి దిగుచుండును. తుదకు 2025 జూనులో లేబరు ప్రభుత్వము ఈ హద్దును తొలగింప నిశ్చయించినట్లు ప్రకటించెను. 2026 సెప్టెంబరునుండి ఇంగ్లండులో యూనివర్సల్ క్రెడిట్ పొందెడి ప్రతి కుటుంబపు పిల్లలును సంపాదనతో నిమిత్తము లేక ఉచితభోజనమునకు అర్హులగుదురనియు, ఐదు లక్షలకు పైగా పిల్లలకు క్రొత్తగా ఈ లాభము కలుగుననియు ఆ ప్రకటన తెలిపెను.

మన దేశమున ఈ కథ వేరు త్రోవను నడచినది. 1920లో చెన్నపట్టణపు నగరపాలక సంఘాధ్యక్షుడు, తెలుగువాడైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు, థౌజండ్ లైట్స్ ప్రాంతమునందలి నగరపాఠశాలలో పిల్లలకు పూటభోజనము ఏర్పాటు చేయించిరి. తలకు రోజునకు ఖర్చు ఒక అణాకు మించరాదని నియమము. బ్రాడ్‌ఫర్డు వంటశాలకును దీనికిని నడుమ పదమూడేండ్లే. 1956లో మద్రాసు రాష్ట్రమున కామరాజుగారి ప్రభుత్వము ఆ పద్ధతిని రాష్ట్రమంతటికి విస్తరించెను. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఉత్తరువు ననుసరించి వండిన భోజనమే పెట్టవలసి వచ్చినప్పుడు, ఆంధ్రప్రదేశమున అది 2003 జనవరిలో మొదలయ్యెను. 2013 నాటి జాతీయ ఆహారభద్రత చట్టము, ఎనిమిదవ తరగతి వరకు ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలందరికిని మధ్యాహ్నభోజనమును హక్కుగా చేసెను. తండ్రి ఆదాయమెంత యని ఇక్కడ బంతిలో ఎవ్వరును అడుగరు.

అయినను గీత లేదని చెప్పరాదు. మన గీత ఆదాయమునుబట్టి గాక తరగతినిబట్టి గీయబడినది. ఎనిమిది ముగిసి తొమ్మిదవ తరగతికి పోయిన బాలికకు ఆకలి తగ్గదు. ఈ సంగతి గుర్తించియే ఆంధ్రప్రదేశమున 2008లో తొమ్మిది, పది తరగతులకును, 2025 జనవరిలో ప్రభుత్వ జూనియరు కళాశాలలకును రాష్ట్రప్రభుత్వము భోజనమును విస్తరించెను. ఈ రెండవదానికి పెట్టిన పేరు డొక్కా సీతమ్మగారిది. పేరు గొప్పది, వడ్డన ఆ పేరునకు తగునట్లు సాగవలెను.

ఇంగ్లండు అనుభవమునుండి మనము తెలిసికొనవలసినది ఒకటి కలదు. గీత ఎక్కడ గీసినను దానికి ఆవల ఒక అడుగు దూరమున ఒక బిడ్డ నిలిచియే యుండును. 1905లో ఆ బిడ్డ తండ్రికి ఓటు పోవునని భయము. 1935లో తన దేహము చాలినంత చిక్కలేదన్న నెపము. 1988లో తల్లిదండ్రులు పనిచేయుచున్నారన్న కారణము. 2018లో 7,400కు మీద ఒక్క పౌండు. 2026 తరువాత, యూనివర్సల్ క్రెడిట్ హద్దును కొద్దిగా దాటిన యింటి బిడ్డ అక్కడ నిలిచియుండును. పాలకులు గీత గీయక తప్పదని చెప్పినప్పుడెల్ల, ఆ అడుగు దూరమున నున్న బిడ్డ ఎవరో, ఆ పూట ఏమి తినుచున్నాడో విచారించుట వినువారి విధి. ఆ విచారణ జరిగిన ప్రతిసారియు, ఈ నూట ఇరువది యేండ్లలో, గీత కొంత ముందునకే జరిగినది.